నడుము నొప్పికి ఎత్తైన బండి మందా?

కొంతకాలంగా బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలలో ఒక కొత్త వైద్యం ప్రచారంలో ఉన్నది. దానికి వైద్యుడు అక్కరలేదు, పరీక్షలు అక్కరలేదు. నడుము పట్టేసిందని ఎవరైనా అంటే చాలు, పక్కనున్న మిత్రుడు చిటికెలో చీటీ రాసేస్తాడు: "ఆ క్రూజర్ అమ్మెయ్యండి, అడ్వెంచర్ బండి కొనండి, నొప్పి దానంతటదే పోతుంది." వినేవారు ఎక్కువగా నలభై దాటినవారు, యాభై దాటినవారు. రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులు చూసిన రైతు, బ్యాంకు ఉద్యోగి, సెలవుకు స్వగ్రామం వచ్చిన ఇంజనీరు. లక్షలు పోసి ఆ చీటీని మందుల దుకాణానికి బదులు షోరూముకు పట్టుకెళ్తున్నారు.

ఈ సలహాలో సగం నిజం ఉన్నది. పూర్తి అబద్ధాన్ని మనం అనుమానిస్తాం. సగం నిజాన్ని మాత్రం నమ్మి, అప్పు చేసి మరీ కొంటాం. అందుకే ఈ వ్యాసం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: నడుము కోసం బండి మార్చదలచినవారు ముందు ఆ నడుమును పరీక్ష చేయించుకోవాలి, ఆ తరువాత తమ కాలి పొడవును కొలుచుకోవాలి. ఈ రెండూ చేయకుండా కొన్న ఎత్తైన బండి పాత నొప్పిని దాచిపెడుతుంది, కొత్త గాయాన్ని తెచ్చిపెడుతుంది.

సలహాలోని నిజం

ఈ బండ్ల తేడా తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. క్రూజర్ అంటే సీటు కిందికి ఉండి, పాదాలు ముందుకు చాచి, వెనక్కు చేరగిలినట్టు కూర్చుని నడిపే బండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్, మెటియోర్, బజాజ్ అవెంజర్ మనవారికి పరిచితమైన ఉదాహరణలు. అడ్వెంచర్ టూరింగ్ బండి అంటే ఎత్తైన సీటు, పొడవైన సస్పెన్షన్, పెద్ద ముందు చక్రం, వెడల్పాటి హ్యాండిల్, సామాను పెట్టెలు ఉండేది. 1980లో బీఎండబ్ల్యూ సంస్థ తెచ్చిన ఆర్ 80 జీ/ఎస్ ఈ జాతికి మూలపురుషుడు. మరుసటి సంవత్సరమే అది పారిస్–డాకర్ ఎడారి పందెం గెలిచింది. మన దేశంలో ఈ మోజును మధ్యతరగతి ముంగిట్లోకి తెచ్చినది 2016లో వచ్చిన హిమాలయన్. చివరికి క్రూజర్‌కు మారుపేరైన హార్లీ–డేవిడ్‌సన్ కూడా 2021లో పాన్ అమెరికా పేరుతో ఈ దారి పట్టింది.

క్రూజర్ మీద పాదాలు ముందుకు చాచినప్పుడు కటి వెనక్కు ఒరుగుతుంది. నడుము దగ్గర సహజంగా ఉండవలసిన లోపలి వంపు చదునవుతుంది. గుంత వచ్చినప్పుడు పాదాల మీద బలం మోపి కాస్త లేవడానికి వీలుండదు. ఆ కుదుపు తిన్నగా పిరుదుల నుంచి వెన్నుపూసలకు ఎక్కుతుంది. ఒళ్లు గూనిగా వంచి కూర్చున్నప్పుడు వెన్నుపూసల నడుమ ఉండే డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుందని స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్‌సన్ 1960లలోనే డిస్కులోకి సూది పంపి కొలిచి చూపాడు. అడ్వెంచర్ బండి మీద పాదాలు శరీరం కిందనే ఉంటాయి, వెన్ను నిటారుగా నిలుస్తుంది, గుంత కనబడితే లేచి నిలబడవచ్చు. అప్పుడు మోకాళ్లే స్ప్రింగులవుతాయి. కాబట్టి కూర్చునే భంగిమ వరకు చూస్తే ఎత్తైన బండి మేలే. ఇంతవరకు మిత్రుని సలహాతో నాకు పేచీ లేదు.

నొప్పి బండిదేనా?

పేచీ ఇక్కడ మొదలవుతుంది. నడుము నొప్పి ఒక వ్యాధి పేరు కాదు, ఒక లక్షణం. యాభై ఏళ్ల వానికి నడుము నొప్పి వచ్చిందంటే కారణాలు డజను ఉండవచ్చు. ఎక్కువమందిలో అది కండరాల బలహీనత, పెరిగిన పొట్ట, కదలని ఉద్యోగం. వీరికి బండి మార్పు కంటే రోజూ నలభై నిమిషాల నడక, నడుము కండరాల వ్యాయామం, అయిదారు కిలోల బరువు తగ్గడం ఎక్కువ ఉపకారం చేస్తాయి. వీటికి రూపాయి ఖర్చు లేదు గనుక ఎవరికీ రుచించవు.

కొద్దిమందిలో మాత్రం కారణం తీవ్రమైనది. వెన్నుపూసలకు క్షయ సోకడం మన దేశంలో ఇప్పటికీ అరుదు కాదు. ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ మొదటి సంకేతంగా నడుము నొప్పే రావచ్చు. మూత్రపిండాలలో రాయి నడుము నొప్పిగా కనిపించవచ్చు. రాత్రి నిద్ర లేపే నొప్పి, సాయంకాలపు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాలిలో బలం తగ్గి చెప్పు జారిపోవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, తొడల నడుమ తిమ్మిరి: ఇవి ఉన్నవారు షోరూము వైపు చూడనేకూడదు. చివర చెప్పిన రెండూ కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి చేరాలి, గంటలు కూడా విలువైనవే. ఇటువంటి వ్యక్తి "కొత్త బండి అలవాటు కావడానికి ఆరు నెలలు పడుతుందట" అని ఓపిక పడితే ఆ ఆరు నెలలూ వ్యాధికి ఇచ్చిన గడువు. బండి అమ్మేవాడు ఈ ప్రశ్నలు అడగడు. అది వాని పని కూడా కాదు. మనం వెళ్లవలసిన గడప తప్పి వెళ్లాం, అంతే.

నేల అందని కాలు

ఇప్పుడు కొలతలు చూద్దాం. మెటియోర్ 350 సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, బరువు 191 కిలోలు. 2023లో వచ్చిన హిమాలయన్ 450 సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, బరువు 196 కిలోలు. 2020లో వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్ సీటు 855 మిల్లీమీటర్లు. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ బరువు 249 కిలోలు, సీటు 850 మిల్లీమీటర్లు.

మెటియోర్ నుంచి హిమాలయన్‌కు మారేవానికి బరువులో తేడా 5 కిలోలే. "అబ్బే, అంత బరువేం పెరగలేదండీ" అని సంబరపడేది ఈ అంకె చూసే. కాని సీటు 6 సెంటీమీటర్లు పైకి వెళ్లింది. దానితో పాటు ఇంజను, పెట్రోలు ట్యాంకు, పైన కట్టిన సామాను అన్నీ పైకి వెళ్లాయి. అయిదున్నర అడుగుల పురుషునికి కాలి లోపలి పొడవు సుమారు 77 సెంటీమీటర్లు ఉంటుంది. 765 మిల్లీమీటర్ల సీటు మీద అతని రెండు పాదాలూ దాదాపు పూర్తిగా నేల మీద ఆనుతాయి. 825 మిల్లీమీటర్ల సీటు మీద వేళ్ల కొసలు మాత్రమే ఆనుతాయి. 855 అయితే ఒక పక్కకు జరిగి ఒక్క కాలు దించవలసిందే.

బండి నిటారుగా ఉన్నంతసేపు దానిని ఒక వేలితో ఆపవచ్చు. అది 10 డిగ్రీలు ఒరిగిందంటే 200 కిలోల బండిని పట్టి ఆపడానికి, స్థూలంగా లెక్క వేస్తే, హ్యాండిల్ దగ్గర 20 కిలోల బలం కావాలి. 20 డిగ్రీలు ఒరిగితే 40 కిలోలు. వెనుక ఇల్లాలు, రెండు పక్కల పెట్టెలు ఉంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. ఈ బలాన్ని ఇవ్వవలసినది పూర్తిగా ఆనిన పాదం. వేళ్ల కొసల మీద నిలబడినవానికి ఆ బలం లేదు. అందువల్ల ఈ బండ్ల మీద పడిపోవడం తరచుగా వేగంలో జరగదు. పెట్రోలు బంకు దగ్గర, రైలు గేటు దగ్గర, ఇంటి ముందు వాలు మీద, యూ టర్న్ తిప్పేటప్పుడు జరుగుతుంది. చూసేవారికి నవ్వు వచ్చే పతనం అది. పడినవానికి మాత్రం చీలమండ విరుగుతుంది, మోకాలి కింద ఎముక నలుగుతుంది, బండిని ఆపబోయి భుజం కండరం తెగుతుంది. సామాను పెట్టెకూ నేలకూ నడుమ పిక్క చిక్కుకుంటుంది. ఇంత జరిగాక పరువు కోసం ఆ బండిని ఒంటరిగా లేపబోతాడు. అప్పటిదాకా నడుము నొప్పిగా ఉన్నది ఆ క్షణంలో డిస్కు జారి సయాటికాగా మారుతుంది. నడుము బాగుపడాలని కొన్న బండి నడుమునే బలి తీసుకోవడం అంటే ఇదే.

కాలువ గట్టుకు బండి పేరు తెలియదు

"మా రోడ్లు చూశారుగా, ఈ రోడ్లకు అటువంటి బండే కావాలి" అనేది రెండవ వాదన. ఈ రోడ్ల తీరు నాకూ తెలుసు కనుక దీనికి జవాబు చెప్పాలి.

మన డెల్టా దారులు చాలావరకు కాలువ గట్లు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ కాలువల వ్యవస్థ విస్తరించింది. ఆ గట్లు నీటిని నిలపడానికి పోసినవి. వాటి మీద తారు పరచి మనం రోడ్లన్నాం. అందుకే తారు అంచు దాటితే కింద గట్టి నేల ఉండదు. వానాకాలంలో ఆ అంచు నల్లరేగడి ముద్ద. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే పక్కకు దిగవలసిందే. దిగిన చోట పాదం ఆనితే మడమ లోతు మట్టి, దాని పక్కన కాలువ. ఎత్తైన సీటు మీద నుంచి ఒక్క కాలితో ఆ బురద మీద 200 కిలోలను ఆపగలమా? జిగురు మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ నడుమ చేరితే ముందు చక్రం తిరగడమే మానేస్తుంది. ఎడారి ఇసుక కోసం, కొండ రాళ్ల కోసం పుట్టిన బండికి మన రేగడి చుట్టం కాదు.

దివిసీమలో ఏ రైతునైనా అడగండి, వానలో పొలం గట్టు మీదికి ఏ బండి వెళ్తుందో చెబుతాడు. టీవీఎస్ ఎక్సెల్. పశుగ్రాసం మోపు కట్టుకుని, ఎరువు బస్తా ముందు పెట్టుకుని, రెండు పాదాలూ నేలకు రాస్తూ నడుపుకుంటూ పోతాడు. దాని బరువు హిమాలయన్ బరువులో సగం కూడా ఉండదు. బురదలో కూరుకుంటే ఒక్కడే లాగి అవతల పెడతాడు. సాహసయాత్ర అనే మాటకు మా ప్రాంతంలో అర్హత ఉన్న వాహనం అదొక్కటే. దాని మీద మాత్రం ఎవరూ స్టిక్కర్లు అంటించరు.

బురద లేని రోజులలో ఇతర ఆపదలు. కోతల కాలంలో రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి ఆ రాళ్లు అలాగే ఉంటాయి. గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్లే 165వ జాతీయ రహదారి మీద చేపల లారీల నుంచి కారిన నీరు తారును నున్నగా చేస్తుంది. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ వంతెన దాటే 216వ రహదారి విశాలమైనది. ఆ విశాలత చూసి వేగం పెంచినవానికి వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు ఆఖరి క్షణంలో కనబడుతుంది. హంసలదీవి సాగర సంగమం దగ్గర ఇసుకలోకి బండి దింపి ఫొటో దిగాలనే కోరిక ఇప్పుడు అంటువ్యాధిలా ఉన్నది. ఇసుకలో నడపడం ఒక విద్య. నేర్చుకోనివానికి ముందు చక్రం మడతపడుతుంది.

పొడవైన సస్పెన్షన్ గుంతను మాయం చేయదు. గుంత మనకు తెలియకుండా చేస్తుంది. క్రూజర్ మీద 50 కిలోమీటర్ల వేగానికే నడుము హెచ్చరించేది. కొత్త బండి మీద 80 దాటినా హెచ్చరిక ఉండదు. రోడ్డు మారలేదు, గేదెలు మారలేదు, మన కంటిచూపు, మన చేతి వేగం యాభైల్లో తగ్గుముఖమే పట్టాయి. పెరిగినది వేగం ఒక్కటే.

2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన పరిసరాల్లో సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ మోటారు సైకిల్ జారిపడింది. రోడ్డు మీది ఇసుక, మట్టి చాలాయి. యువకుడు, దృఢమైన శరీరం, తల మీద హెల్మెట్. అయినా రోజుల తరబడి స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు, కోలుకుని మళ్లీ సినిమాలు చేశాడు. తల మీద అది లేకపోతే ఏమయ్యేదో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు.

మధుమేహం వెనుక సీట్లో కూర్చుంటుంది

ఈ బండ్లు కొనే వయసువారిలో చాలామందికి చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నాయి. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గుతుంది. కాలు నేలకు ఆనిందో లేదో, గేరు మీద ఉందో లేదో కన్నుతో చూస్తే తప్ప తెలియని స్థితి వస్తుంది. వేడెక్కిన సైలెన్సరు పిక్కను కాల్చినా ఆలస్యంగా తెలుస్తుంది, ఆ పుండు నెలల తరబడి మానదు. భోజనం ఆలస్యమై చక్కెర పడిపోతే కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఇంట్లో అయితే కుర్చీలో కూలబడతాడు, బండి మీద అయితే కాలువలో పడతాడు. రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వాడేవారు మే నెల ఉక్కలో, బందరు గాలిలోని తేమలో, దళసరి జాకెట్టు వేసుకుని నాలుగు గంటలు కూర్చుంటే నీరు, లవణాలు హరించుకుపోతాయి. దిగి నిలబడగానే తల తిరిగి, తనతో పాటు బండినీ పడవేస్తాడు.

వెనుక కూర్చునే ఇల్లాలి సంగతి ఈ సలహాదారులకు అసలు గుర్తే రాదు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే స్త్రీకి ఆ సీటు ఎక్కడమే ఒక సాహసం. ఆమె బరువు ఒకే వైపు పడుతుంది, అదీ అంత ఎత్తున. వెనుక చక్రాన్ని సగం దాకా కప్పే రక్షణ ఉండాలని, పట్టుకోవడానికి పిడి ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాలు (1989) 123వ నియమం చెబుతున్నది. అందం చెడుతుందని ఆ రక్షణను పీకించి పారవేసి, దాని స్థానంలో పెట్టెలు బిగించేవారు ఎందరో. చక్రంలో చుట్టుకునే కొంగు అందచందాలు చూడదు.

బండికి కవచం, తలకు టోపీ

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఖర్చు పెట్టే వరుస. ఇంజనుకు ఇనుప కవచం, హ్యాండిల్‌కు కవచం, దీపానికి జాలీ, పక్కలకు క్రాష్ గార్డులు, అదనపు దీపాలు. వేలకు వేలు. ఆ బండి మీద కూర్చున్న మనిషి తల మీద రోడ్డు పక్కన కొన్న టోపీ లాంటి హెల్మెట్, కాళ్లకు హవాయి చెప్పులు. విరిగిన దీపం రేపు దొరుకుతుంది. చిట్లిన పుర్రె ఏ దుకాణంలో దొరుకుతుంది?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ ధరిస్తే మరణావకాశం 42 శాతం, తల గాయాల అవకాశం 69 శాతం తగ్గుతుందని 2008లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష తేల్చింది. ఏ మందుబిళ్ల గురించైనా ఇంత గట్టి సాక్ష్యం ఉంటే మనం తెల్లవారుజామునే వరుసలో నిలబడి కొనేవాళ్లం. ఇది హెల్మెట్ కనుక అద్దానికి తగిలిస్తున్నాం.

"ఇన్ని అభ్యంతరాలు చెబుతున్నారు, మేము ఇంట్లో కూర్చోవాలా?" అని అడుగుతారు. వద్దు. ఇంట్లో కూర్చోవడమూ ఒక వ్యాధే, దాని గురించి ఎన్నోసార్లు రాశాను. బండి మీద తిరగడంలోని ఆనందాన్ని కాదనే హక్కు వైద్యునికి లేదు. ఆరోగ్యం పేరు చెప్పి ఆ బండిని అమ్మే హక్కు మిత్రునికీ లేదు. ఇష్టపడి కొంటే ఇష్టపడ్డానని చెప్పండి. నడుము మీద నెపం పెట్టకండి. నెపం పెడితే నడుముకు జరగవలసిన వైద్యం ఆగిపోతుంది.

కొనదలచినవారు ఇవి చేయండి.

మొదటిది, నడుము నొప్పి ఆరు వారాలు దాటినా, పైన చెప్పిన ప్రమాద సంకేతాలలో ఒక్కటి ఉన్నా వైద్యునికి చూపండి. చక్కెర, రక్తపోటు, కంటిచూపు, పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి.

రెండవది, షోరూములో చెప్పులతో కాదు, మీరు రోజూ వేసుకోబోయే బూట్లతో బండి ఎక్కండి. ఒక్క పాదమైనా మడమతో సహా ఆనాలి. ఆనకపోతే సీటు తగ్గించే వీలున్నదేమో అడగండి. వీలు లేకపోతే ఆ బండి మీది కాదు, ఎంత నచ్చినా సరే.

మూడవది, వెనుక కూర్చునేవారిని వెంట తీసుకెళ్లి, వారిని ఎక్కించి, దింపి చూడండి. నిర్ణయంలో వారికీ ఓటు ఉన్నది.

నాలుగవది, పడిన బండిని లేపే పద్ధతి నేర్చుకోండి. బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, తొడల బలంతో వెనక్కు నడుస్తూ లేపాలి. నడుము వంచి లాగకూడదు. సందేహం ఉంటే మనిషిని పిలవండి, అందులో నామోషీ లేదు.

అయిదవది, కవచాల కోసం దాచిన డబ్బులో మొదటి వాటా ఐఎస్ఐ ముద్ర ఉన్న, ముఖమంతా కప్పే రెండు హెల్మెట్లకు, చీలమండ దాటే బూట్లకు కేటాయించండి. హెల్మెట్ పట్టీ బిగించండి. గంటకొకసారి దిగి నాలుగడుగులు నడవండి, నీళ్లు తాగండి.

బండి మారిన మొదటి నెలలో దూరప్రయాణం పెట్టుకోకండి. ఇరవై ఏళ్లు క్రూజర్ నడిపిన అనుభవం ఎత్తైన బండి మీద సగమే పనికివస్తుంది, మిగిలిన సగం తప్పుదోవ పట్టిస్తుంది. ఉదయం పూట ఖాళీ మైదానంలో నెమ్మదిగా తిప్పడం, ఆపడం, వాలు మీద నిలపడం సాధన చేయండి. యాభై ఏళ్ల వయసులో మైదానంలో ఎనిమిది అంకె గీస్తున్నారని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. విరిగిన కాలు మీద కట్టు వేసుకుని ఆరు వారాలు మంచం మీద ఉంటే పలకరించడానికి వచ్చేదీ వారే, బండి అమ్మెయ్యమని చెప్పేదీ వారే.

ముందు వైద్యుని గది, తరువాత షోరూము. ఈ వరుసను తలకిందులు చేసినవారు కూడా చివరికి వైద్యుని గదికే వస్తారు. కాకపోతే అప్పుడు నడిచి రారు.